ఏడాది దాటిన మా లాబ్రడార్‌కి స్పే ఆపరేషన్ చేయించాలా, వద్దా?

మధుమాలతి
అందరికీ నమస్కారం. మా తార ఆడ లాబ్రడార్. వయసు 14 నెలలు, బరువు 26 కిలోలు. మొదటిసారి హీట్‌కి (ఎదకి) వచ్చి తగ్గిపోయి రెండు నెలలవుతోంది. టీకాకి తీసుకెళ్తే డాక్టరు గారు, "పిల్లలు పెట్టించే ఆలోచన లేకపోతే స్పే చేయించడం మంచిది. కంగారు లేదు గానీ ఏళ్ళ తరబడి వాయిదా వేయకండి" అన్నారు. స్పే అంటే పిల్లలు పుట్టకుండా అండాశయాలు, చాలాసార్లు గర్భసంచి కూడా తీసేసే ఆపరేషన్.

అప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. చక్కగా తిరుగుతున్న కుక్కని కోయించడం మా ఆయనకి ఇష్టం లేదు. అత్తయ్య గారేమో "ఒక్క ఈత ఈననీ, తర్వాత చేయిద్దాం" అంటున్నారు. నాకు మత్తుమందు అంటేనే భయం. అలాగని ఊరుకుంటే రేపు గర్భసంచి జబ్బు వస్తే ఏం చేయాలన్నది ఇంకో భయం. నెట్‌లో ఒకచోట వెంటనే చేయించమంటారు, ఇంకోచోట చేయిస్తే కీళ్ళు పోతాయంటారు. టెన్షన్ పెరిగింది తప్ప ఏమీ తేలలేదు. చేయించినవాళ్ళు, చేయించనివాళ్ళు ఇద్దరూ చెప్పండి. ఎందుకు చేశారో కూడా చెప్పండి.

గోధూళి
చేయించండి మధుమాలతి గారూ. మా పండు పొమరేనియన్. ఏడో ఏట దానికి గర్భసంచిలో చీము పట్టింది. పయోమెట్రా అంటారు. హీట్ అయిపోయిన నెల దాటాక నీరసంగా పడుకోవడం మొదలుపెట్టింది. గిన్నెలో నీళ్ళు పోసినవి పోసినట్టే తాగేసేది, అన్నిసార్లూ మూత్రం పోసేది, తిండి మానేసింది. బయటికి చుక్క చీము రాలేదు. స్కానింగ్‌లో చూస్తే గర్భసంచి ఉబ్బిపోయి ఉంది. ఆ రాత్రికి రాత్రే ఆపరేషన్.

బతికింది. కానీ ఏ మత్తుమందుకి మీరు భయపడుతున్నారో, అదే మత్తు జ్వరంతో, ఒంట్లో విషం పాకిన దశలో దానికి ఇవ్వాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఆరోగ్యంగా ఉండగా చేసే ఆపరేషన్‌కీ, ఆ రాత్రి చేసిన దానికీ పోలికే లేదు.

పాత_కాపరి
గోధూళి గారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా రెండో వైపు కూడా చెప్పాలి. నేను చాలా ఏళ్ళుగా కుక్కల్ని పెంచుతున్నాను, ఎక్కువగా పెద్ద జాతులే. ఆడవాటికి ఆపరేషన్ చేయించకుండానే పెంచాను. అండాశయాలు పిల్లల కోసం మాత్రమే ఉన్న అవయవాలు కావు. అక్కడి నుంచి వచ్చే హార్మోన్లు ఎముకల ఎదుగుదలకి, కండ బలానికి, మూత్రం ఆపుకునే కండరానికి కూడా పనికొస్తాయి. పెరిగే వయసులో వాటిని తీసేస్తే ఎముకల చివర్లు ఆలస్యంగా మూసుకుంటాయి, కాళ్ళు కొంచెం పొడవు సాగుతాయి.

నార్వేలో 2009 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా జంతువు శరీర భాగాలు తీయకూడదు. అక్కడ ఆడకుక్కలు చాలావరకు ఆపరేషన్ లేకుండానే బతుకుతున్నాయి. కాబట్టి చేయించకపోతే నిర్లక్ష్యం అనే మాట నేను ఒప్పుకోను. హీట్‌లో ఉన్న మూడు వారాలు గొలుసు లేకుండా బయటికి పంపకూడదు, తర్వాత రెండు నెలలు కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళకి అది కూడా సరైన దారే.

వీధి_నేస్తం
పాత_కాపరి గారూ, ఆ ఓపిక మీకుంది. ఎంతమందికి ఉంటుంది? వీధుల్లో వదిలేసిన పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నాను, అందుకే అడుగుతున్నాను. అవన్నీ వీధికుక్కలకి పుట్టినవి కావు. "ఒక్క నిమిషం తలుపు తెరిచి ఉంది" అని ఇళ్ళ నుంచి వచ్చినవి కూడా ఉంటాయి. లాబ్రడార్ ఒక్క ఈతకి ఏడెనిమిది పిల్లలు పెట్టడం మామూలే. అన్నిటికీ మంచి ఇళ్ళు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బయటి కుక్కతో కలిస్తే గర్భం ఒక్కటే కాదు, టీవీటీ అనే అంటుకునే క్యాన్సర్ కూడా రావచ్చు. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి కణాలే నేరుగా అంటుకుంటాయి. ఎక్కువ వాటికి విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లతో తగ్గుతుంది గానీ, వారాల తరబడి చికిత్స.

అత్తయ్య గారికి ఒక మాట చెప్పండి. ఒక ఈత ఈనితే కుక్క ఆరోగ్యానికి మంచిది అనడానికి ఏ ఆధారమూ లేదు. కుక్కకి తల్లి కాలేదన్న దిగులు ఉండదు. ఆ ముచ్చట మనది.

మధుమాలతి
గోధూళి గారూ, పండు ఇప్పుడు బాగుందని అనుకుంటున్నాను. చదివి ఒళ్ళు జలదరించింది. పాత_కాపరి గారూ, మా ఆయనకి మీ మాటే చూపిస్తాను, ఆయన వాదన కూడా అదే. మాకు మగకుక్క లేదు, గోడ ఎత్తుగా ఉంది, గర్భం వచ్చే భయం తక్కువే. అంటే నా ప్రశ్న అసలు ఆరోగ్యం గురించే. ఏది ఎక్కువ ప్రమాదం? అంకెలు తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

స్టెతస్కోపు
పశువైద్యంలో ఉన్నాను. తారని నేను చూడలేదు కాబట్టి నిర్ణయం మీదీ, మీ డాక్టరు గారిదీ. తెలిసిన అంకెలు చెబుతాను, అవి ఎంత గట్టివో కూడా చెబుతాను.

మొదట పయోమెట్రా. స్వీడన్‌లో చాలా కుక్కలకి బీమా ఉంటుంది, ఆపరేషన్ చేయించడం తక్కువ. ఆ బీమా రికార్డులు చూస్తే పదేళ్ళ వయసు వచ్చేలోపు దాదాపు నాలుగింట ఒక ఆడకుక్కకి ఈ జబ్బు వచ్చింది. జాతిని బట్టి ఇది బాగా మారుతుంది. ప్రతి హీట్ తర్వాత రెండు నెలల పాటు ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, గర్భం ఉన్నా లేకపోయినా. గర్భసంచి లోపలి పొర మందమై, సూక్ష్మజీవులకి అనువుగా తయారవుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మార్పులు పోగవుతాయి. అందుకే ఇది ఎక్కువగా నడివయసు దాటాక వస్తుంది.

రెండోది రొమ్ము గడ్డలు. 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనాన్నే ఇప్పటికీ అందరూ చెబుతారు. ఆపరేషన్ చేయని కుక్కలతో పోలిస్తే మొదటి హీట్‌కి ముందు చేయిస్తే ప్రమాదం 0.5 శాతమే మిగులుతుందని, ఒక హీట్ తర్వాత 8 శాతం, రెండు దాటాక 26 శాతం అని. అయితే 2012లో ఈ విషయం మీద ఉన్న అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించినవాళ్ళు, ఆధారాలు బలంగా లేవన్నారు. రక్షణ లేదని వాళ్ళు తేల్చలేదు, ఆ అంకెల్ని అంత కచ్చితంగా నమ్మడానికి లేదన్నారు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఆరు నెలల పిల్లకి పరుగున చేయించమని నేనెవరికీ చెప్పను.

మూడోది కీళ్ళు. మీరు చదివింది బహుశా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళ పరిశోధన అయి ఉంటుంది. 2020లో 35 జాతుల మీద ఒకేసారి ప్రచురించారు. ఆడ లాబ్రడార్లలో ఏడాదిలోపు చేయించిన వాటికి తుంటి, మోచేయి, మోకాలి జబ్బులు ఆపరేషన్ లేని వాటికంటే దాదాపు రెట్టింపు కనిపించాయి. ఏడాది దాటాక చేయించమని వాళ్ళ సూచన. చిన్న జాతుల్లో అలాంటి తేడా పెద్దగా కనబడలేదు. తార ఏడాది దాటింది కదా, నెట్‌లో మీరు చదివిన ఆ భయం మీకు చాలావరకు వర్తించదు.

నాలుగోది మత్తు. బ్రిటన్‌లో 2008లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల మరణాలు సుమారు రెండు వేలలో ఒకటి. జబ్బుగా ఉన్నవాటిలో ఇది చాలా రెట్లు ఎక్కువ. గోధూళి గారు చెప్పిన తేడా ఇదే.

సందేహం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది గోల్డెన్ రిట్రీవర్, ఆడది. దానికి కూడా ఏడాది దాటాక చేయిస్తే సరిపోతుందా?

స్టెతస్కోపు
గోల్డెన్ విషయం వేరు. అదే పరిశోధనలో ఆడ గోల్డెన్లకి ఏ వయసులో స్పే చేసినా కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. అందుకే ఆపరేషన్ చేయించకుండా ఉంచడం, లేదా ఏడాది వయసులో చేయించి క్యాన్సర్ కోసం జాగ్రత్తగా గమనిస్తూ ఉండటం అని వాళ్ళు రాశారు. రాట్‌వైలర్లలో కూడా ఏడాదిలోపు తీయించిన వాటికి ఎముక క్యాన్సర్ ఎక్కువని 2002లో ఒక అధ్యయనం వచ్చింది. జాతి తెలియకుండా ఎవరైనా "అన్నిటికీ ఆరు నెలలు" అంటే ఒప్పుకోకండి.

పాత_కాపరి
నేను చెప్పాలనుకున్నది ఇదే, నాకంటే బాగా చెప్పారు. ఒక్క ప్రశ్న. ఆపరేషన్ చేసిన కుక్కలు ఎక్కువ కాలం బతుకుతాయని ఎక్కడ చూసినా రాస్తారు. అది నిజమేనా?

స్టెతస్కోపు
2013లో అమెరికా పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో నమోదైన 40 వేలకు పైగా కుక్కల మరణాలు పరిశీలించారు. ఆపరేషన్ చేసినవి సగటున ఎక్కువ కాలం బతికాయి. అంటువ్యాధులు, ప్రమాదాల వల్ల చనిపోవడం వాటిలో తక్కువ, క్యాన్సర్ వల్ల చనిపోవడం ఎక్కువ. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ చేయించే యజమాని టీకాలు వేయిస్తాడు, గొలుసు పట్టుకుని తిప్పుతాడు. ఆయుష్షులో ఆపరేషన్ వాటా ఎంత, ఆ శ్రద్ధ వాటా ఎంత అని అందులోంచి విడదీయడం కష్టం.

నీలిగన్నేరు
మంచి విషయాలు ఎలాగూ చెప్పారు కాబట్టి నేను ఇబ్బంది చెబుతాను. మాది పెద్ద కుక్క, తార కంటే బరువు. స్పే చేయించిన రెండేళ్ళకి నిద్రలో మూత్రం కారడం మొదలైంది. మెలకువగా ఉంటే మామూలుగానే ఉండేది. పడుకుని లేస్తే కింద తడి, దానికే సిగ్గన్నట్టు పక్కకి పోయి కూర్చునేది. ఎవరూ తిట్టలేదు అయినా. డాక్టరు గారు ముందు మూత్ర పరీక్ష చేయించి ఇన్‌ఫెక్షన్ లేదని నిర్ధారించుకుని మందు రాశారు. ఆ మందుతో ఆగింది. కానీ మందు ఇక ఎప్పటికీ వేస్తూనే ఉండాలి.

చేయించినందుకు బాధపడటం లేదు. కానీ చేయించే ముందు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మీకు తెలియాలని రాస్తున్నాను.

స్టెతస్కోపు
నీలిగన్నేరు గారు చెప్పింది చాలా ముఖ్యం. హార్మోన్ తగ్గాక మూత్రనాళం మూసి ఉంచే కండరం పట్టు సడలుతుంది. చిన్న కుక్కల్లో అరుదు, పెద్ద జాతుల్లో ఎక్కువ. కొన్ని నెలలకే మొదలవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. ఫినైల్‌ప్రొపనోలమైన్ గానీ ఈస్ట్రియోల్ గానీ, ఈ మందులు వాడితే ఎక్కువ కుక్కలకి అదుపులో ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు, కానీ ఇంట్లో వాళ్ళకి రోజూ ఉండే పని. లాబ్రడార్ బరువుకి ఇది లెక్కలో వేసుకోవాల్సిందే.

వీధి_నేస్తం
మరి హీట్ రాకుండా ఇంజెక్షన్ ఇప్పించుకుంటే కోత బాధ ఉండదు కదా అని చాలామంది అడుగుతుంటారు. ఇక్కడ కూడా ఎవరో అడగకముందే ఆ సంగతి రాయండి స్టెతస్కోపు గారూ.

స్టెతస్కోపు
అవి ప్రొజెస్టిరోన్ లాంటి మందులు. ఏ హార్మోన్ వల్ల పయోమెట్రా వస్తుందో దాన్నే బయటి నుంచి ఎక్కించినట్టు. గర్భసంచి చీము, రొమ్ము గడ్డలు, షుగర్ జబ్బు, మూడింటి ప్రమాదమూ పెరుగుతుంది. ఆపరేషన్ తప్పించుకోవడానికి వాటి జోలికి వెళ్ళకండి.

మధుమాలతి
ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయనది కొత్త ప్రశ్న. గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచేస్తే హార్మోన్లూ ఉంటాయి, చీము భయమూ పోతుంది కదా అంటున్నారు. అలా చేస్తారా?

స్టెతస్కోపు
చేస్తారు, అందరూ చేయరు. మామూలు స్పేలో రెండు పద్ధతులు. ఒకటి అండాశయాలు, గర్భసంచి రెండూ తీయడం. రెండోది అండాశయాలు మాత్రమే తీయడం, యూరప్‌లో ఇది ఎక్కువ. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కకి రెండూ సరిపోతాయి. అండాశయాలు లేకపోతే గర్భసంచి ముడుచుకుపోతుంది, చీము పట్టే అవకాశం దాదాపు ఉండదు. మీ ఆయన అడిగినది మూడోది. అందులో కుక్క హీట్‌కి వస్తూనే ఉంటుంది, మగకుక్కలు వెంటపడుతూనే ఉంటాయి, రొమ్ము గడ్డల ప్రమాదం తగ్గదు. గర్భసంచి ముఖద్వారం దాకా పూర్తిగా తీయాలి, కొంచెం మిగిలినా ఆ మిగిలిన ముక్కలో చీము పట్టవచ్చు. అది చేసి చేసి చెయ్యి తిరిగిన సర్జన్ దొరికితేనే ఆలోచించండి.

రెండు_తోకలు
మా ఇంట్లో ఒక మగది, ఒక ఆడది. గోడ ఎత్తుగా ఉందని నిశ్చింతగా ఉండకండి. హీట్‌లో ఉన్న ఆడకుక్క కూడా తలుపు కోసం చూస్తుంది, మగవాటిదే తప్పు అనుకుంటాం. గర్భం 63 రోజులు, మనం గమనించేసరికే సగం అయిపోతుంది.

ఒకటి మాత్రం ఆశించకండి. స్పే చేయిస్తే అల్లరి తగ్గుతుంది, బుద్ధిగా మారుతుంది అని చాలామంది అంటారు. మాది ముందు ఎంత అల్లరో తర్వాతా అంతే. హీట్ రోజుల చిరాకు, ఉత్తుత్తి కట్టు (గర్భం లేకపోయినా ఉన్నట్టు కనిపించే) లక్షణాలు మాత్రం పోయాయి. అంతకుముందు హీట్ అయిన ప్రతిసారీ పాలు వచ్చేవి, బొమ్మల్ని పిల్లల్లాగా పోగేసుకుని ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు.

స్టెతస్కోపు
మంచి సంగతి గుర్తుచేశారు. పాలు ఉన్నప్పుడు ఆపరేషన్ చేయకూడదు, హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి ఆ లక్షణాలు చాన్నాళ్ళు మిగిలిపోవచ్చు. హీట్‌లో ఉన్నప్పుడు కూడా వద్దు, ఆ సమయంలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ. హీట్ అయ్యాక రెండు మూడు నెలలకి, తర్వాతి హీట్ ఇంకా దూరంగా ఉండగా చేయడం మేలు. మధుమాలతి గారూ, తార ఇప్పుడు సరిగ్గా ఆ సమయానికి వస్తోంది. రొమ్ముల దగ్గర మెత్తగా నొక్కి చూడండి, పాలు గానీ వాపు గానీ ఉంటే ఆగాలి.

ముందు రక్త పరీక్ష తప్పకుండా చేయించండి. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) చూడాలి. పిడుదులు (టిక్స్) ఉన్న ప్రాంతాల్లో టిక్ ఫీవర్ పైకి కనబడకుండా ఉండి ప్లేట్‌లెట్లు తగ్గిస్తుంది, అప్పుడు కోస్తే రక్తం ఆగదు.

మధుమాలతి
పాలు లేవు, వాపు లేదు. ఈ రోజు అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అత్తయ్య గారికి గోధూళి గారు రాసింది చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, చేయించండి, కానీ ఆ రోజు నేనూ వస్తాను" అన్నారు. మా ఆయనకి మూత్రం సంగతి విన్నాక మళ్ళీ అనుమానం వచ్చింది. చివరికి ఆయనే అన్నారు, మూత్రానికి మందు ఉంది, పయోమెట్రా వస్తే మాత్రం ఆ రోజు మనం ఊళ్ళో ఉన్నామా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది అని. మూడో నెల దాటాక చేయిద్దామని డాక్టరు గారితో మాట్లాడాను. అంతకు ముందు వారం రక్త పరీక్ష.

పాత_కాపరి
ఆలోచించి తీసుకున్న నిర్ణయం, నాకు సంతోషంగా ఉంది. ఎదుగుదల పూర్తయ్యాక చేయిస్తున్నారు కాబట్టి నా పెద్ద అభ్యంతరం తీరిపోయింది. ఇక బరువు చూసుకోండి. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలి తీరనివ్వని జన్యు మార్పు ఉంటుందని 2016లో కనుక్కున్నారు. దాని మీద ఆపరేషన్ కూడా అయితే తిండి అవసరం తగ్గి ఆకలి పెరుగుతుంది. కుక్కలు లావెక్కేది ఆపరేషన్ వల్ల కాదు, పాత కొలతతోనే పెట్టడం వల్ల.

నీలిగన్నేరు
మేము డాక్టరు గారు చెప్పినట్టు తిండి పావు వంతు తగ్గించాం. నెలనెలా బరువు తూచి రాసుకుంటాం. పక్కటెముకలు చేత్తో తడిమితే తెలియాలి, అది చాలు కొలత.

మధుమాలతి
రాసుకున్నాను. ఇంకొక్కటి. ఇంటికొచ్చాక కుట్లు నాకకుండా మెడకి ఆ ప్లాస్టిక్ గొట్టం పెట్టాలా, గుడ్డ సూటు చాలా? రాత్రి ఏదైనా తేడా వస్తే నాకెలా తెలుస్తుంది?

రెండు_తోకలు
మాకు సూటు పనికిరాలేదు, గుడ్డ మీంచే నాకి తడిపేసేది. గొట్టం నాలుగు రోజుల ముందే తొడిగి అలవాటు చేయండి. దాంతో గిన్నెలో నీళ్ళు తాగడం, తలుపులోంచి నడవడం నేర్చుకుంటుంది, లేకపోతే నొప్పి రోజునే కంగారు పడుతుంది. సోఫా ఎక్కనివ్వకండి, మెట్లు వద్దు. మూత్రానికి తీసుకెళ్ళినా గొలుసుతోనే. రెండో రోజుకే పరుగెత్తబోతుంది, అప్పుడే అసలు జాగ్రత్త.

స్టెతస్కోపు
కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు. అంతవరకు స్నానం వద్దు. నొప్పికి డాక్టరు గారు ఇచ్చిన మందే వేయండి. ఇంట్లో మనుషులకి వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు పొరపాటున కూడా వద్దు, కుక్కలకి ప్రాణాంతకం కావచ్చు.

మొదటి రాత్రి మత్తుగా, వణుకుతూ ఉండటం మామూలే. కోత దగ్గర కొంచెం ఎరుపు, కొంచెం వాపు కూడా మామూలే. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఈ రోజే ఒకసారి చూసి తార మామూలు రంగు ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి. ఆ రోజు చిగుళ్ళు తెల్లబడినా, పొట్ట ఉబ్బినా, కుట్ల నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా ఆగకుండా కారినా, కుట్లు విడిపోయి లోపలిది కనబడినా, ఒక రోజు గడిచినా లేచి నిలబడకపోయినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆపరేషన్ రోజు ఇంటికి బయల్దేరే ముందే అడిగి నంబరు రాయించుకోండి.